చిట్టి నడుముకి అందని దారం

మా అమ్మాయి బడి పిల్లల ఆరోగ్యం చూసే నర్సు. ఎక్కడికెళ్ళినా సంచీలో ఓ దారపుండ ఉంటుంది. పిల్లని గోడకి నిలబెట్టి, పాదాల నుంచి నడినెత్తి దాకా దారం కొలిచి తెంపుతుంది. దాన్ని సగానికి మడిచి నడుం చుట్టూ తిప్పుతుంది. కొసలు కలిస్తే సరే, కలవకపోతే ఒళ్ళు ఎక్కువవుతోందని లెక్క. అలాంటి పిల్లల తల్లుల్ని పిలిచి, ఇప్పుడే చూసుకోండమ్మా అని మొహమాటం లేకుండా చెప్పేస్తుంది. ఇంట్లో మాత్రం దానికి నోరు పెగల్లేదు.

ఇంట్లో మా మనవరాలు ఉంది. పిలవడానికే చిట్టి, ఒళ్ళో కూర్చుంటే నాకు కాళ్ళు తిమ్మిరెక్కుతాయి. వాళ్ళమ్మ దాని పళ్ళెం వంక చూసిందంటే చాలు, ఎదిగే పిల్ల తిండి మీద కళ్ళేంటే అని కయ్యిమని లేచేదాన్ని. నేనున్న ఇంట్లో ఎవరికి నోరు పెగులుతుంది లెండి.

చిట్టి చదివే బడి వంతు వచ్చినప్పుడు, అందరి ముందూ కూతురి నడుం కొలవలేక మా అమ్మాయి ఆ పని ఇంకో నర్సుకి అప్పగించింది. తోటిదాని కూతురు, మనకెందుకొచ్చిన గొడవ అనుకుందో ఏమో ఆవిడ, మీ అమ్మ ఇంట్లో చూస్తుందిలే అని చిట్టిని వరసలోంచి పక్కకి పంపేసింది. తరగతి మొత్తంలో కొలవనిది దీన్నొక్కదాన్నే. ఆ సాయంత్రం అది నాకు చెప్తే, పోనీలే, పీడా పోయింది అని నవ్వాను. అది నవ్వలేదు. అమ్మ ఎప్పుడొస్తుంది అని అడిగింది. అమ్మ వచ్చింది గానీ బడి సంగతే ఎత్తలేదు.

ఏడాది తిరిగింది. మొన్న లిఫ్టు చెడిపోతే, మెట్లెక్కుతూ చిట్టి మధ్యలోనే కూలబడింది. రొప్పు తగ్గదు, మెడంతా చెమట. నేను ముందు లిఫ్టు బాగుచేసేవాణ్ణి తిట్టాను. మా అమ్మాయి ఎవర్నీ తిట్టలేదు. ఇంట్లోకి రాగానే దారపుండ తీసి, రా తల్లీ అంది. అడ్డం పడబోయి, కూతురి మొహం చూసి ఆగిపోయాను.

ఎవరూ చెప్పకుండానే చిట్టి గోడకి ఆనుకుని, మడమలు కలిపి నిలబడింది. దారం మడిచి చుడితే, కొసల మధ్య మా అమ్మాయి అరచెయ్యి మొత్తం పట్టింది. చెయ్యి అక్కడే ఉంచేసింది.

"నేను కొలుచుకున్నప్పుడు రెండు వేళ్ళే పట్టాయమ్మా," అంది చిట్టి.

ఎప్పుడే అని అడిగాను. బడిలో తనని పక్కన పెట్టిన రోజేనట. అమ్మ సంచీలోంచి దారం తీసుకుని, స్నానాలగదిలో ఓ కొస కాలి కింద తొక్కిపెట్టి కొలుచుకుందిట.

"మరి మాకు చెప్పలేదేమే?"

"అందరి అమ్మలకీ అమ్మే చెప్తుందిగా. నాకూ చెప్తుందని చూశాను."

మా అమ్మాయి దాని నడుం పట్టుకుని ఏడ్చేసింది. రేపట్నించి దిద్దుకుంటాం, అది వేరే సంగతి. రెండు వేళ్ళ దగ్గర ఆగాల్సింది అరచెయ్యి దాకా వచ్చిందే అన్న బాధ మాత్రం ఎక్కడికి పోతుంది? ఊరుకోవే అనడానికి నాకు మొహం చెల్లలేదు. చివరికి వాళ్ళమ్మ కళ్ళు తుడిచింది చిట్టే.