ప్రార్థన చేయించిన మూడు చక్రాల బండి

ఇట్లా దగ్గరికి జరుగమ్మా, ఆ ఫోను పక్కన పెట్టి కాళ్ళు ముడుచుకొని కూర్చో. నీకొక బండి సంగతి చెప్పాలి. పసివాణ్ణి కూర్చోబెట్టి తోసుకుపోయే మూడు చక్రాల బండి. అంగడివాళ్ళు దాన్ని స్ట్రోలర్ అంటారు. అది ఇంటికి వచ్చాక ఒక తల్లి ఎంత నలిగిపోయిందో విను.

పుంగనూరు దాటి చౌడేపల్లె రోడ్డులో కొంత దూరం పోతే, ఎడమ పక్క మిట్ట మీద బండల మధ్య ఒక ఇల్లుంది. శాంతిరాజు అనే కాంపౌండరు చివరి రోజుల్లో కట్టుకున్న ఇల్లు. ఆయన పోయాక కొడుకు బ్లెస్సన్, కోడలు షైలజ అక్కడ కాపురముంటున్నారు. బ్లెస్సన్‌కు కుప్పంలో ఒక ఆసుపత్రిలో ఎక్స్‌రేలు తీసే పని. శనివారం సాయంత్రం వస్తాడు, సోమవారం తొలి బస్సుకు పోతాడు. షైలజ ఇంట్లోనే జాకెట్లు కుడుతుంది. శాంతిరాజు భార్య ప్రభావతి మాత్రం మదనపల్లె వదల్లేదు. మిషన్ ఆసుపత్రిలో ఆయాగా చేసి రిటైరైన మనిషి. ఆ కాంపౌండు గోడ పక్కనే గది తీసుకొని, పొద్దున చర్చి గుడి, సాయంత్రం స్త్రీల కూడిక, అదే లోకంగా బతికేది.

షైలజ కొడుకు డానీ. నెలలు నిండకుండానే పుట్టాడు. మూడేళ్ళు దాటినా కాళ్ళలో సత్తువ లేదు. చంకలు పట్టి నిలబెడితే కాళ్ళు కత్తెర మాదిరి ఒకదాని మీదొకటి పడేవి. మాటా తక్కువే. నలుగురు పిల్లల మధ్య పడేస్తే వాళ్ళను చూసైనా లేస్తాడు, నోరు తెరుస్తాడు, ఇంట్లో ఒంటరిగా కూర్చోబెడితే ఉన్నది కూడా పోతుందని డాక్టరు చెప్పాడు. ఆ మాట షైలజ గుండెలో ముల్లులాగా దిగింది.

వంక, అదే చిన్న వాగు, దాని అవతల పల్లెలో సరస్వతమ్మ అనే ఆమె బాలబడి నడుపుతుంది. పిల్లవాణ్ణి చూసి, చేర్చుకుంటాననే అంది. అయితే ఒక మాట ఖండితంగా చెప్పింది. రోజూ తీసుకురావాలి. రెండు రోజులు వచ్చి మూడు రోజులు మానేస్తే వీడు ఎవరికీ అలవాటు పడడు, వచ్చిన ప్రతిసారీ మళ్ళీ మొదటి రోజు ఏడుపే ఏడుస్తాడు, అట్లయితే వేరే చోటు చూసుకోమంది.

రోజూ పోవడమంటే మాటలా? ఇంటి ముందు కొంచెం తారు రోడ్డు. ఆ తర్వాత టమోటా తోటల మధ్య గట్టు పక్క మట్టి బాట, ట్రాక్టరు తొక్కిన గాడులతో. ఆపైన వంక, ఎండిపోయి ఇసుక మేట వేసింది. వంక ఎక్కితే పరుపులాగా పరుచుకున్న పెద్ద బండ, నడుమ చీలికలు. అది దాటితే బడి. ఆటోలు ఆ దారిన రావు. స్కూటరు మీద పట్టుకొని కూర్చునే బలం డానీకి లేదు. చంకనెత్తుకొని పోదామంటే పిల్లవాడు బరువెక్కాడు, షైలజ నడుము కాన్పు నాటినుంచే అంతంత మాత్రం.

అప్పుడు బ్లెస్సన్ ఒక మాట తెచ్చాడు. కుప్పంలో తనతో పనిచేసే బీనా అనే నర్సమ్మకు బదిలీ అయింది. వాళ్ళ పాప వాడిన మూడు చక్రాల బండి ఉంది, నెలాఖరులోగా వచ్చి చూసుకోమంది. ఆదివారం ఆరాధన కాగానే ముగ్గురూ బస్సెక్కి పలమనేరు మీదుగా కుప్పం పోయారు.

బండి చూడ్డానికేం బాగాలేదు. గుడ్డ వెలిసిపోయింది, ఒక పక్క పాప గీసిన పెన్ను గీతలు. కానీ చక్రాలు సైకిలు చక్రాల్లాగా పెద్దవి, గాలి కొట్టే టైర్లు. ముందు చక్రాన్ని అటూ ఇటూ తిరగకుండా బిగించుకోవడానికి ఒక మీట ఉంది. గతుకుల్లో పోయేటప్పుడు దాన్ని బిగించాలని, లేకపోతే రాయి తగలగానే చక్రం అడ్డం తిరుగుతుందని బీనా చూపించింది. షైలజ డానీని కూర్చోబెట్టి పట్టీలు బిగించి, క్వార్టర్స్ వెనకాల కంకర మీదికి పోయింది. గడ్డిలోకి పోయింది. ఇల్లు కట్టడానికి పోసిన ఇసుక కుప్ప అంచు మీద కూడా ఎక్కించింది. మనసులో మాత్రం తన దారినే నడుస్తోంది: ఇది గట్టు, ఇది వంక, ఇది బండ. ఇసుకలో చక్రం దిగలేదు. డానీ ఆ ఊపుకు కళ్ళు మూతలు పడి నిద్రపోయాడు. ఇంట్లో ఒక మాట చెప్పి తీసుకుంటామని చెప్పి వచ్చారు.

చెప్పాల్సిన మనిషి ప్రభావతి. పెద్దదాన్ని అడక్కుండా ఆ ఇంట్లో ఏదీ కొనరు. బ్లెస్సన్ ఫోను చేసి చెబితే ఆమె సరేననలేదు, వద్దనలేదు. ఇంకొకరి బిడ్డ చెమట పట్టిన దాంట్లో నా మనవణ్ణి కూర్చోబెట్టాలా అని మాత్రం ఆమె మనసులో పడింది. మరునాడే మదనపల్లె బజారుకు పోయి, ఉన్న అంగళ్ళన్నీ తిరిగి, కొత్త బండి ఒకటి ఎంచింది. ఎంచడంలోనూ తక్కువ తినలేదు. నచ్చకపోతే వాపసిస్తానని బండిని తెచ్చి, డానీ బరువుకు సరిపోయేటట్టు బియ్యం మూట కూర్చోబెట్టి, ఆసుపత్రి వరండాలో ఈ కొస నుంచి ఆ కొసకు తోసింది. ఒక్క వేలితో తోస్తే నీళ్ళ మీద పడవలాగా పోయింది. కాంపౌండులో తారు రోడ్డు మీదా అంతే. దారిన పోయే నర్సులు బియ్యం మూటకు పట్టీలు కట్టిందని నవ్వితే, నా మనవడు ఇంతకన్నా అందగాడమ్మా అని తనూ నవ్వింది. నీలం గుడ్డ, మెరిసే కమ్మీలు, ముందర బిడ్డ చెయ్యి పెట్టుకునే కడ్డీ. మూడు చక్రాలు మాత్రం అరచేయంత, గట్టి ప్లాస్టిక్కువి.

ఇక వాళ్ళలో ఒక ఆనవాయితీ ఉంది. కుట్టు మిషను కొన్నా, మోటారు కొన్నా గుడి ముందర పెట్టి పాస్టరు అయ్యగారి చేత ప్రతిష్ఠ ప్రార్థన చేయించనిదే వాడరు. ప్రభావతి ఆ ఆదివారమే బండిని గుడి మెట్ల ముందుంచింది. అయ్యగారు కమ్మీ మీద చెయ్యి వేసి, ఈ బండిలో కూర్చునే బిడ్డ అడుగులు స్థిరపరచు తండ్రీ అని ప్రార్థన చేశారు. స్త్రీల కూడిక వాళ్ళంతా ఆమేన్ అన్నారు. ఎవరో ఫోటో తీశారు.

అదే సాయంత్రం ప్రభావతి బండితో పుంగనూరు చేరింది. షైలజ ఆ చక్రాలు చూసింది. వంక గుర్తొచ్చింది, బండ గుర్తొచ్చింది. నోరు తెరవబోయేంతలో అత్త ఫోనులో ఫోటో చూపించి ప్రార్థన సంగతి చెప్పింది. దేవుని పేరున ఇచ్చేసిన వస్తువును ఇది పనికిరాదని ఎట్లా అనడం? అన్న మాట అత్తకు తగులుతుందా, ఇంకా పైకి పోయి తగులుతుందా అన్నట్టు భయపడింది.

“బాగుండాదత్తా,” అంది.

భార్య ముఖం చూసి బ్లెస్సన్ బీనాకు వద్దని చెప్పాడు.

మొదటి రోజు తారు మీద బండి సొగసుగా పోయింది. గట్టు మీద డానీ పళ్ళు టకటక కొట్టుకునేటట్టు అదిరింది. వంకలో చక్రాలు ఇసుకలోకి దిగితే షైలజ బండిని, బిడ్డను కలిపి ఎత్తుకొని దాటింది. బండ మీద ముందు చక్రం చీలికలో ఇరుక్కొని, వెనక భాగం లేచి, డానీ పెదవి ఆ కడ్డీకి తగిలి చిట్లింది. రక్తం కొంచెమే. కానీ వాడు ఏడవలేదు, అమ్మ వైపు చూస్తూ ఉండిపోయాడు. ఆ చూపు షైలజను చాలా రోజులు నిద్రపోనివ్వలేదు.

అత్తకు ఫోనులో, వాడే పెదవి కొరుక్కున్నాడని చెప్పింది. బండిని గది మూలన పెట్టి పాత దుప్పటి కప్పింది. బిడ్డను చంకనెత్తుకొనే బడికి పోయేది. రోజూ సాయంత్రం ప్రభావతి ఫోను చేసి బండి ఎట్లా పోతోందని అడిగేది. బాగా పోతోందని కోడలు చెప్పేది. ఒకసారి ఆడిన అబద్ధానికి రోజూ నీళ్ళు పోయాల్సి వచ్చింది. అంతలో నడుము పట్టేసింది. ఒక రోజు బడి తప్పింది, ఇంకో రోజు తప్పింది. సరస్వతమ్మ కోప్పడలేదు. ఈ వారం కూడా ఇట్లాగే అయితే ఆ చోటు వేరే బిడ్డకు ఇస్తానని మెల్లగా చెప్పింది. ఆ మెల్లని మాట తిట్టుకన్నా ఎక్కువ బాధించింది. ఎందుకంటే డానీ అప్పుడప్పుడే బడిలో బల్ల పట్టుకొని లేవబోతున్నాడు.

ప్రభావతి చెప్పకుండా వచ్చిన పొద్దు, షైలజ గడప దగ్గర బిడ్డను చంకనేసుకొని, రెండో చేత్తో నడుము పట్టుకొని నిలబడి ఉంది. అత్త కోడలిని చూసింది. లోపలికి పోయి దుప్పటి ఎత్తి బండిని చూసింది. చక్రాలకు మట్టి అంటిన జాడే లేదు. బండిని బయటికి లాగి, మనవణ్ణి కూర్చోబెట్టి, పద, నేను తోస్తానంది.

గట్టు మీద బండి అదురు ఆమె మోచేతులదాకా పాకింది. వంకలో చెప్పులు ఇసుకలో కూరుకుపోతే విప్పి చేత పట్టుకుంది. బండ మీద చక్రం అదే చీలికలో పడింది. డానీ ముందుకు తూలాడు. షైలజ ముందే కాచుకొని ఉండి, అరచెయ్యి వాడి ముఖానికి, కడ్డీకి నడుమ పెట్టింది. దెబ్బ ఆమె వేళ్ళకు తగిలింది.

ప్రభావతి బండ మీద కూలబడింది.

“నాతో యాల సెప్పలేదమ్మా?”

“ప్రార్థన సేయించినారు గదత్తా. ఎట్ల సెప్పేది?”

డానీ కడ్డీని చేత్తో తడుతున్నాడు. అప్పుడు పెద్దామె కొంగుతో ముఖం తుడుచుకొని, “బండికి ప్రార్థన సేయిస్తిని గానీ, వాడు పొయ్యే దావ సూడలేదే నేను,” అంది.

కుప్పం బండి సంగతి షైలజ అప్పుడు పూర్తిగా చెప్పింది, గాలి టైర్లూ, ఇసుక కుప్పా, డానీ నిద్రపోవడమూ. అత్త అక్కడే కూర్చొని బ్లెస్సన్‌కు ఫోను చేయించింది. బీనా ఊరు వదిలిపోతూ ఆ బండిని బైరెడ్డిపల్లె దగ్గర ఇంకొక బిడ్డకు ఇచ్చేసిందట. ఆ బిడ్డకూ కాళ్ళు రావట. ఇక అడిగేందుకు నోరెక్కడిది?

బడి వేళ దాటిపోతోంది. ప్రభావతి లేచి బండిని వెనక్కి తిప్పింది. ఆసుపత్రిలో వీల్‌చైరును గడప దాటించేటప్పుడు ఇట్లాగే వెనక్కి తిప్పి లాగేవాళ్ళమని చెప్పి, వెనక చక్రాలు ముందుగా తను కమ్మీ పట్టి లాగింది. షైలజ వంగలేక వంగి ముందు చక్రాన్ని చీలికల మీద ఎత్తి పట్టింది. వెళ్ళేది ముందుకే అయినా డానీకి వదిలి వచ్చిన దారే కనిపిస్తోంది. వంక గట్టునుంచి ఒక కుక్క వాళ్ళ వెంటపడితే, దానికేసి చెయ్యి చాపి ఏదో అన్నాడు. అది మాటో కాదో ఇద్దరికీ అర్థం కాలేదు.

సరస్వతమ్మ వాకిట్లో నిలబడి ఆ ఇద్దరినీ, చెమటనూ చూసింది.

“రేపు గూడా ఇట్లే ఇద్దురూ వస్తారా?”

షైలజకన్నా ముందే అత్త, “వస్తాము,” అనేసింది.

ఆ ఒక్క మాటతో మదనపల్లె గది, గుడిలో కిటికీ పక్క తన చోటు, సాయంత్రం కూడిక, అన్నీ ఆమె వదిలేసిందని షైలజకు తెలిసింది. రేపటినుంచి తన వంటింట్లో ఇంకో చెయ్యి ఉంటుందనీ తెలిసింది. ఏడుపూ వచ్చింది, ఊపిరీ ఆడింది, లోపల ఎక్కడో బెదురూ పుట్టింది. ఆ ఇద్దరూ రోజూ అట్లాగే లాగుతున్నారు. వానలు పడితే వంకలో నీళ్ళొస్తాయి. అప్పుడేం చేస్తారో ఇద్దరికీ తెలియదు, ఒకరినొకరు అడగడమూ లేదు.

అంతేనమ్మా. దీన్ని మరిచిపోకు. ఎవరైనా బిడ్డకు బండి కొంటున్నామంటే, కొనకముందే వాళ్ళను కూర్చోబెట్టి ఈ సంగతి చెప్పు. చెప్పేటప్పుడు ఆ వంకనూ ఆ బండనూ వదిలెయ్యకు. ప్రభావతిని చెడ్డ అత్తగా చేసి మాత్రం చెప్పొద్దు.