లోయర్ సర్క్యూట్‌లో మా బావ

"లాయరొచ్చాడట" అని ముందెవరో అంటారు, అనడమే ఆలస్యం క్యూలో ఉన్నవాళ్ళంతా జుట్టు సర్దుకుని, చేతిలో ఏ కాగితమూ లేకపోయినా ఉన్నట్టే గుండెకి హత్తుకుని, నల్లకోటు కోసం మెడలు సాచి చూస్తుంటారు, నేనూ చూస్తుంటాను, కోటు ఎక్కడా కనిపించదు, అసలు ఈ చోటేమిటో కూడా అంతు చిక్కడం లేదు, ఇటు చూస్తే తణుకు బస్టాండులో రిజర్వేషన్ కిటికీలా ఉంది, అటు తిరిగితే రేషన్ షాపు, తలెత్తితే సినిమా హాలు కప్పు, ఆ కప్పుకి ఫ్యాన్లు, ఒక్క ఫ్యానూ తిరగడం లేదు గాని అందరి కండువాలూ ఎగురుతున్నాయి.

"లాయరు కాదర్రా, లోయరు" అంటుంది క్యూ మధ్యలోంచి ఒక గొంతు. "లోయర్ సర్క్యూట్. అంటే షేరు ధర ఈ పూటకి ఇంతకన్నా కిందికి పడదు, అలాగని అమ్ముదామంటే కొనేవాడూ ఉండడు. లాయరొచ్చి మాత్రం ఏం పీకుతాడు, చచ్చినవాళ్ళం."

ఆ గొంతు నాకు తెలుసు. మా మాణిక్యక్క మొగుడు, అచ్యుతం బావ. పెన్నీ స్టాకు అనకండర్రా, పెన్నిధి స్టాకు అనండి అంటూ బంధువుల్లో సగంమందికి రూపాయి షేర్లు, రెండ్రూపాయల షేర్లు అంటగట్టినవాడు, ధన్వి పాలిఫైబర్స్ అనే కంపెనీ షేరు రోజూ లోయర్ సర్క్యూట్ కొడుతుంటే ఆ ఫోను చూస్తూ చూస్తూనే గుండెకి షార్ట్ సర్క్యూటై పోయినవాడు. ఇవాళ ఆయన పన్నెండో రోజు. పొద్దున్న ఆయన పేరు చెప్పి దానాలిచ్చి, ఆయన పేరు చెప్పి గారెలు తిన్నాను. అదంతా నాకు గుర్తే ఉంది, అయినా ఆయన ఇక్కడ నిలబడి ఉండటంలో నాకేమీ వింత కనిపించదు, ఆయన పాదాలే వింతగా కనిపిస్తాయి, కొత్త చెప్పుల్లోంచి మడమలు రెండూ వెనక్కి వేలాడుతున్నాయి.

"దానం చెప్పులు కొన్నది నువ్వేనా?" అంటాడు బావ, కుశలమైనా అడక్కుండా.

నేనే అంటాను.

"నా కాలు తొమ్మిదో నంబరు. ఇవి ఎనిమిది. ఎవడి కాలికి వేసి చూశావురా?"

"షాపుకి నీ కాలు రాలేదు కదా బావా. నా కాలే వచ్చింది."

క్యూలో నవ్వులు. చచ్చినవాళ్ళు బాగానే నవ్వుతారు, ఊపిరి తీసుకోవాల్సిన పని లేదు కాబట్టి ఆపకుండా నవ్వుతారు.

బావ వెనక ఒకాయన నిలబడి ఉన్నాడు, కొత్తగా వచ్చినట్టున్నాడు, మెడలో దండ ఇంకా వాడలేదు. ఆయన బావని మాస్టారూ అంటున్నాడు. అప్పుడు అర్థమవుతుంది, బావ ఇక్కడ కూడా క్లాసు పెట్టాడు. బతికుండగా పెట్టిన క్లాసుకీ దీనికీ తేడా ఒక్కటే, అక్కడ అబద్ధాలు చెప్పేవాడు, ఇక్కడ ఆ అవసరం లేదు.

దండాయన రెండ్రూపాయల షేరు చవకే కదా, పడితే మహా అయితే రెండ్రూపాయలేగా పడేది అని అడుగుతాడు. బావ ఓపిగ్గా చెబుతాడు, తక్కువ ధర వేరు, చవక వేరు, కుళ్ళిన వంకాయ ఎంతకిచ్చినా ఖరీదే, రెండ్రూపాయలు రూపాయైతే నీ సొమ్ము సగం పోయినట్టే గాని రూపాయి పోయినట్టు కాదు, కొనేముందు ధర కాదు చూడాల్సింది, రోజుకెంతమంది కొంటున్నారో ఎంతమంది అమ్ముతున్నారో చూడాలి, పదిమంది తిరగని సందులో కొట్టు కొనుక్కుని నువ్వేం అమ్ముతావు అంటాడు. ఇంత పడితే అమ్మేయమని స్టాప్ లాస్ పెట్టుకున్నానే అని దండాయన గునుస్తాడు. కొనేవాడే లేనప్పుడు లాసు ఏ స్టాపులోనూ ఆగదు, ఎక్స్‌ప్రెస్ బస్సులా పోతూనే ఉంటుందని బావ. పడేకొద్దీ ఇంకా కొని యావరేజి చేశానండి అంటాడాయన సిగ్గుపడుతూ.

నేను ఊరుకోలేను. "యావ రేగితేనే యావరేజి" అంటాను గట్టిగా. మళ్ళీ నవ్వులు. ఇంట్లో పన్నెండు రోజులుగా నా జోకులకి ఎవరూ నవ్వడం లేదు, ఇక్కడ ఇంత గిరాకీ ఉందని తెలిస్తే ఎప్పుడో వద్దును అనిపిస్తుంది, అనిపించగానే భయమేస్తుంది.

క్యూ ఒక్క అడుగు కూడా కదలడం లేదు. కిటికీ తలుపులు మూసే ఉన్నాయి. రోజూ ఇంతేనా అని అడుగుతాను. రోజూ ఇంతేనట. పొద్దున్న తొమ్మిదికి తోసుకుంటూ వచ్చి నిలబడాలి, ముందొచ్చినవాడికే ముందు అమ్ముకునే వంతు, మధ్యాహ్నం మూడున్నరకి గంట కొడతారు, అందరి ఆర్డర్లూ రద్దు, మర్నాడు మళ్ళీ మొదటినుంచీ. ముందున్నవాడికి రేపు కూడా ముందుంటానన్న నమ్మకం లేదు, వెనకున్నవాడికి రేపటికి ముందుకొస్తానన్న ఆశ చావదు. హోల్డు చేసి చేసి ఓల్డయిపోవడమే ఇక్కడి పని అనుకుంటాను, ఈసారి పైకి అనను.

"ఆ సంగతులు సరే బావా, అక్క డబ్బు మాట చెప్పు" అంటాను.

ఇందుకే వచ్చానని అప్పుడు గుర్తొస్తుంది. అక్క కర్రీ పాయింట్ పెట్టుకుందామని, గదికి అడ్వాన్సు కోసమని పెళ్ళినాటి చంద్రహారం అమ్మింది. ఆ డబ్బు బ్యాంకులో ఉంటే పాచిపోతుందని బావ ఆవిడ పేరునే ఖాతా తెరిపించి, మొత్తం ధన్వి షేర్లు కొనిపెట్టాడు. వాటా అన్నాడు, వాతే మిగిలింది, కర్రీ పాయింట్ డబ్బుకి కర్రు కాల్చి పెట్టిన వాత. బావ పోయిన దగ్గర్నుంచీ అక్కకి మిగిలింది ఆ షేర్లే. అవి అమ్ముడైతేనే కొట్టు, లేకపోతే ఎవరి వంటింట్లోనో కూర కలపాలి. రోజూ తొమ్మిది కొట్టగానే అక్క ఫోను పుచ్చుకుని అమ్మకం ఆర్డరు పెట్టేది నేనే, సాయంత్రానికి అది రద్దయితే ఆవిడకి చెప్పేదీ నేనే. ఇవన్నీ బావకి చెబుతుంటే ఆయన వింటూ, చెప్పుల్లోంచి బయటికొచ్చిన మడమల్ని నేలకేసి రాసుకుంటూ ఉంటాడు. నేల ఉన్నట్టుండి తడిగా ఉంది, ఎవరో కడిగినట్టున్నారు.

"అవి ఎవరు అమ్మారనుకున్నావు?" అంటాడు చివరికి.

"ఏవి?"

"మీ అక్క కొన్నవి. కొనాలంటే ఎవడో ఒకడు అమ్మాలి కదా. ఎవరమ్మారు?"

చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వడం మానేసి వింటున్నారు.

"నేనే" అంటాడు బావ. "అందరికన్నా ముందు కొన్నవాణ్ణి, అందరికన్నా ముందు దిగిపోదామనుకున్నాను. రెండుసార్లు అమ్మబోతే కొనేవాడు లేడు. పెన్నిధి అని మీకందరికీ చెప్పింది అందుకే. మీరంతా కొన్నాక కూడా నా దగ్గర కొన్ని మిగిలిపోయాయి. అప్పుడు మీ అక్క హారం అమ్మింది. ఆవిడ ఫోన్‌లో ఈ చేత్తో కొన్నాను, నా ఫోన్‌లో ఈ చేత్తో అమ్మాను."

రెండు చేతులూ చూపిస్తాడు. ఏ చెయ్యి ఏదో నాకు ఇప్పుడు పోల్చడం కుదరదు, రెండూ ఎడమ చేతుల్లాగే ఉన్నాయి.

"ఆ డబ్బేం చేశావు?"

"మళ్ళీ కొన్నాను. యావ అన్నావుగా ఇందాక."

"మంచంలో పక్కనే పడుకున్న మనిషికి అంటగట్టావా, బావా?"

"ఎవరో ఒకరు కొనాలి కదరా" అంటాడు, కోపం లేదు, సిగ్గు లేదు, బస్సు ఎన్నింటికని అడిగినవాడికి చెప్పినట్టే చెబుతాడు. "బయటివాడు కొనడు. బయటివాడు లెక్క చూసుకుంటాడు. మనల్ని నమ్మినవాడే కొంటాడు. కొత్తగా మార్కెట్లోకి దిగేవాళ్ళకి నేను చెప్పే ఆఖరి పాఠం అదే, కొనేముందు నీ దగ్గర ఎవడు కొంటాడో చూసుకో. ఎవడూ కనబడకపోతే ఇంట్లోవాళ్ళ మొహాలు చూడు."

దండాయన ఇది కూడా బుద్ధిగా మననం చేసుకుంటున్నాడు.

తిడదామని నోరు తెరుస్తాను, తిట్టులోనూ శ్లేష ఒకటి తట్టిందిగాని నోట్లోంచి గారె వాసన తప్ప మాట రాదు. ఈలోగా బావ చెప్పులు విడిచేస్తాడు. రేషన్ షాపు దగ్గర మనవాళ్ళు చేసే పనే, వంతు పోకుండా చెప్పులు వరసలో పెట్టి నీడకి పోవడం. రెండూ జతగా, కిటికీ వైపు మొహం పెట్టి, నేలమీద ఉంచుతాడు.

"టీ తాగొస్తాను. చెప్పుల్ని ఎవరైనా తన్నేస్తారు, ఒక్క నిమిషం వీటిలో నిలబడు."

నిలబడకూడదని తెలుసు. అయినా పెద్దవాడు, అక్క మొగుడు, అందులోనూ పన్నెండో రోజు, కాదంటే బాగుండదనే మొహమాటంతో కాళ్ళు దూరుస్తాను. దూర్చగానే సరిపోతాయి, వేలికి వేలు, మడమకి మడమ, నా కోసమే కొన్నట్టు. అప్పుడే ముందెక్కడో గడియ తీసిన చప్పుడు, కిటికీ తెరుచుకుంటుంది, క్యూ మొత్తం ఒక్కసారిగా కదులుతుంది, బావ వట్టికాళ్ళతో వెనక్కి చూడకుండా తడినేల మీద నడిచి వెళ్ళిపోతున్నాడు, పాదాల గుర్తులు పడటం లేదు, నేను పిలుస్తున్నాను, కిటికీలోంచి గాజుల్లేని చెయ్యి ఒకటి బయటికొచ్చి నా మొహం ముందు గ్లాసు పెడుతుంది.

"లే, కాఫీ చల్లారిపోతోంది" అంటుంది అక్క.

హాల్లో చాప మీద ఉన్నాను. మూడున్నర దాటింది. వడ్డనలైపోయి ఇల్లు కడిగారు, నేలంతా తడి. మా ఆవిడ హైమ, అక్క తోటికోడళ్ళు, ఇంకెవరో చుట్టాలు కాళ్ళు చాపుకుని కూర్చున్నారు. కాఫీ గుక్క మింగేలోపే అక్క, ఇవాళైనా ఆ లాయరు వదిలాడా అని అడుగుతుంది. లాయరేమిటని చుట్టాలు అక్క వైపు తిరుగుతారు. పాపం, అక్క పన్నెండు రోజులుగా ఎవరో లాయరు తన షేర్లని పట్టుకుని కూర్చున్నాడనే అనుకుంటోందని, అది లాయరు కాదనీ లోయరనీ, లోయర్ సర్క్యూట్ అంటే ఏమిటో నేను అందరికీ విడమర్చి చెబుతాను. కలలో బావ చెప్పినంత బాగా రాదు. చెబుతూనే జేబులోంచి అక్క ఫోను తీసి చూస్తాను. పొద్దున్న పెట్టిన ఆర్డరు పక్కన ఆకుపచ్చ అక్షరాలు. అమ్ముడైపోయాయి. మొత్తం, ఒక్కటి కూడా మిగలకుండా.

కర్రీ పాయింట్ వచ్చేసిందే అక్కా అని అరిచినంత పని చేస్తాను. చుట్టాలంతా సంబరపడతారు. అక్క మాత్రం ఖాళీ గ్లాసు అందుకుని, చీర కుచ్చిళ్ళు ఎత్తిపట్టుకుని తడినేల వైపు చూస్తోంది.

"ఎవడు కొన్నాడో ఆ మహానుభావుడు" అంటాను.

హైమ నా ఫోను నా చేతికిస్తుంది, మెచ్చుకోమన్నట్టు మొహం పెట్టి. మీరు నిద్రపోతుంటే లేపడమెందుకని నేనే కొన్నానండి, పిన్ను నాకు తెలుసుగా, రెండ్రూపాయలే, ఇంతకంటే ఎక్కడికి పడుతుంది, ఇంత చవకగా మళ్ళీ దొరకదని వదినగారే చెప్పారు అంటుంది. తెరమీద ధన్వి పాలిఫైబర్స్. అక్క అమ్మినన్ని, సరిగ్గా అన్నీ.

అక్క వైపు చూస్తాను. ఆవిడ కళ్ళు తిప్పుకోదు.

"ఎవరో ఒకరు కొనాలి కదరా" అంటుంది. "నాకు కొనిపెట్టిన రోజున మీ బావ ఆ మాటే అన్నారు. ఆ రోజు అర్థం కాలేదు."

ఎవరికీ ఏమీ అర్థం కాలేదు, హైమతో సహా. నేను లేచి వాకిట్లోకి వస్తాను. నా చెప్పులు లేవు, భోజనానికొచ్చినవాళ్ళెవరో వేసుకుపోయారు. అరుగు మీద ఒకే ఒక్క జత, కొత్తది, వీధి వైపు మొహం పెట్టి ఉంది. లోపల్నుంచి అక్క చెబుతోంది, శాస్త్రిగారికి చిన్నవయ్యాయట, దానమైతే పట్టారుగాని చెప్పులు మాత్రం వదిలేసి వెళ్ళారు, నీకు సరిపోతాయేమో చూసుకో.

చూడక్కర్లేదు. ఎనిమిదో నంబరు.