పైపు నిలబడ్డంత సేపు

బాలరాజుకి ఏ వస్తువు చేతికిచ్చినా అందులో ఒక లోపం కనబడుతుంది. కుక్కరు ఇస్తే విజిల్ బరువు తక్కువంటాడు, గొడుగు ఇస్తే పుల్లలు చాలవంటాడు. నాచారంలో ప్లాస్టిక్ పైపుల కంపెనీలో పనిచేసే మనిషికి, ఇంకో మూరెడు పైపు తగిలిస్తే ఈ లోకం బాగుపడుతుందని అనిపిస్తుంది కాబోలు. అలాంటివాడి చేతికి ఒక శనివారం సాయంత్రం మేడ మీద అద్దెకుండే తేజేష్ తన స్నార్కెల్ తెచ్చి ఇచ్చాడు.

తేజేష్‌ది కాకినాడ. పోచారంలో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. ఆ మధ్య ఆఫీసు స్నేహితులతో అండమాన్ వెళ్ళి, కళ్ళనూ ముక్కునూ కప్పే ఒక అద్దం, నోట్లో పెట్టుకునే ఒక గొట్టం కొనుక్కొచ్చాడు. అద్దం పట్టీ తెగితే అతికించమని అడగడానికి కిందికి దిగాడు.

"అక్కడ బీచ్ పార్కులో ఒడ్డు నుంచి నడుచుకుంటూ నీళ్ళలోకి వెళ్ళిపోవడమే అన్నా, పడవ కూడా అక్కర్లేదు. బోర్లా పడుకుని ఈ గొట్టం నోట్లో పెట్టుకుంటే తల ఎత్తకుండానే ఊపిరి తీసుకోవచ్చు. కింద చేపలు, పగడాలు అన్నీ కనబడతాయి" అన్నాడు.

బాలరాజు గొట్టాన్ని అటూ ఇటూ తిప్పి చూశాడు. "గింతేనా? జానెడున్నర గూడ లేదు గదన్నా. గిదే పొడుగుంటే పైన తేలుడెందుకు, సక్కగ కిందికే పోయి కూసోవచ్చు."

"నిజమే. కంపెనీవాడు అంతే ఇచ్చాడు మరి."

కంపెనీవాడు ఎందుకు పొట్టిగా ఇచ్చాడో ఇద్దరిలో ఒక్కడూ అడగలేదు. ఒకడు ఇంజనీరు, ఇంకొకడు పనిమంతుడు. ఇద్దరు కలిస్తే తెలివి రెండింతలు కావాలి. ఆ సాయంత్రం మాత్రం సగమైంది.

రాత్రి భోజనాల వేళకల్లా గొట్టం పొడవు నాలుగడుగులైంది. బాలరాజు తెల్లటి పైపు ముక్కని గొట్టానికి టేపుతో అతికించి, అది నీళ్ళలో పక్కకి వాలకుండా పైపు మధ్యలో థర్మోకోల్ ముక్కలు చుట్టాడు. తెల్లారితే ఆదివారం. చెరువు పార్కుకి పోయి చూద్దామని మగవాళ్ళిద్దరూ ఖాయం చేసుకున్నారు.

వంటింట్లోంచి వింటున్న త్రివేణికి గుండె జారింది. బాలరాజు ఆమెను పెళ్ళాడి రెండో ఏడు నడుస్తోంది. ఆమెది జనగామ దగ్గర పల్లె. నీళ్ళంటే ఆమెకు చిన్నప్పటి నుంచీ ప్రాణభయం. ఆమె చిన్నాన్న మోటారు బాగుచేయడానికి బావిలోకి దిగి, మళ్ళీ మంచం మీదే పైకి వచ్చాడు. గట్టు మీద పడుకోబెట్టి, ముక్కు దగ్గర దూది పెట్టి చూశారు. ఆ దూది కదలకపోవడం త్రివేణి తన కళ్ళతో చూసింది.

"ఎందుకయ్యా మనకీ సోకులు? గా చెర్వుల ఏమున్నదని సూస్తవ్?" అంది.

"జిలేబీ చేపలుంటయ్. నీకు సెప్తా ఎట్లున్నయో."

"ఏమన్నయితే?"

"ఏమైతదే? నేను కూసునేది మెట్ల మీద. నిలబడితే నీళ్ళు మెడ దాకనే వస్తయ్. ఊకె ఫికర్ జెయ్యకు."

వద్దంటే వినే రకం కాదు. పొమ్మని వదిలేసి ఇంట్లో కూర్చునే ధైర్యం ఆమెకు లేదు. అందుకని తనూ వెళ్ళింది.

చెరువు పార్కు అప్పటికి కొత్త. కట్ట మీద నడవడానికి రాళ్ళు పరిచారు, పిల్లలకి జారుడుబండ కట్టారు, బతుకమ్మలు వదలడానికి నీళ్ళలోకి దిగే మెట్లు వేశారు. ఈత కొట్టరాదని బోర్డు ఉంది గాని, దాని కింద కూర్చుని పల్లీలు తినడానికి తప్ప ఆ బోర్డు ఎవరికీ పనికిరాలేదు. వానలకి చెరువు నిండింది. గుర్రపుడెక్క అవతలి ఒడ్డుకి కొట్టుకుపోయి మెట్ల దగ్గర నీళ్ళు కాస్త తేటగానే ఉన్నాయి.

మొదటిసారి దిగినప్పుడు బాలరాజు మునగలేదు. కూర్చుందామంటే నీళ్ళు పైకి తోసేశాయి. దానికీ ఉపాయం ఇంటి నుంచే తెచ్చుకున్నాడు ఆ మహానుభావుడు. కంపెనీలో పనికిరాని ఇనుప ముక్కలు సంచిలో ఉన్నాయి. వాటిని త్రివేణి పాత చున్నీలో వరసగా మూటగట్టి, నడుముకి చుట్టుకుని, వెనక్కి తిరిగి నిలబడ్డాడు.

"నాకు అందుతలేదు. నువ్వు ముడెయ్యి. గట్టిగ. జారితే మళ్ళ పైకి తేల్త."

ఆమె ఒక ముడి వేసింది.

"ఒక్కటేనా? మూడెయ్యి. పెండ్లిల నేనేసిన, ఇయ్యాల నీ వంతు."

అంత భయంలోనూ త్రివేణికి నవ్వొచ్చింది. తేజేష్ కూడా నవ్వి కెమెరా తీశాడు. ఆమె ఇంకో రెండు ముళ్ళు వేసి, పళ్ళు బిగించి లాగింది. ఊడకూడదని మనసారా కోరుకుని మరీ లాగింది.

"పైపు నిలబడ్డంత సేపు నేను మంచిగున్నట్టే. ఎరుకేనా?" అన్నాడు బాలరాజు.

ఆ మాట ఆమెకు రుచించలేదు. పైపు నిలబడేది థర్మోకోల్ వల్ల కదా, ఈయన వల్ల కాదు కదా అని ఎక్కడో ముల్లు గుచ్చుకుంది. దూది గుర్తొచ్చింది. బతికున్న మనిషికి దూది పెట్టడం అశుభం. అందుకని కొంగు అంచులోంచి ఎర్రటి దారం పోగు ఒకటి లాగి, అతని టేపుతోనే పైపు మూతికి అంటించింది.

"గిదేంది?"

"నాకోసం. ఉండనియ్యి."

అద్దం పెట్టుకుని, గొట్టం కరుచుకుని, బాలరాజు ఒక్కో మెట్టూ దిగిపోయాడు. నడుము మునిగింది, భుజాలు మునిగాయి, చివరికి నెత్తి మీది జుట్టు కూడా మునిగింది. నీళ్ళ మీద తెల్ల పైపు ఒక్కటే మిగిలింది. దాని మూతి దగ్గర ఎర్ర దారం లోపలికి పోయింది, బయటికి ఎగిరింది. త్రివేణి కూడా దానితో పాటే ఊపిరి తీసి వదిలింది.

"సూపర్" అన్నాడు తేజేష్. "ఆర్కుట్‌లో ఈ ఫోటో పెడితే మా వాళ్ళు చచ్చిపోతారు."

"జర మంచి మాట మాట్లాడన్నా."

కాసేపటికి దారం తొందరపడడం మొదలుపెట్టింది. లోపలికీ బయటికీ, లోపలికీ బయటికీ, ఎండలో పరిగెత్తి వచ్చిన కుక్క రొప్పినట్టు. త్రివేణి లేచి నిలబడింది. లోపల ఏదో చూసి సంబరపడుతున్నాడేమో అనుకుంది, అలా అనుకోవాలని చూసింది. తర్వాత దారం నెమ్మదించింది. ఆ నెమ్మదికి ఆమెకు ఇంకా భయం వేసింది. చివరికి అది పైపుకి అంటుకుని వేలాడింది.

"అన్నా, దారం కదుల్తలేదు."

తేజేష్ కెమెరా దించి చూశాడు. సరిగ్గా అప్పుడే చెరువు మీదుగా గాలి వచ్చి దారం ఊగింది. "అదిగో, కదులుతోందిగా అక్కా. పైపు కూడా నిటారుగానే ఉంది. కంగారు పడకండి."

"గది గాలి. ఆయన గాదు."

"బాలరాజన్నా" అని తేజేష్ కేక వేశాడు. నీళ్ళలో ఉన్నవాడికి ఏం వినబడుతుంది? పైపు మాత్రం బుద్ధిమంతుడిలా నిలబడి ఉంది.

త్రివేణి మెట్టు దిగింది. పాచికి కాలు జారింది. పాదాలు తడిస్తేనే గుండె దడదడలాడే మనిషి మోకాళ్ళ దాకా, నడుము దాకా, ఛాతీ దాకా దిగింది. చీర నీళ్ళలో ఉబ్బి చుట్టూ తేలింది. చెయ్యి చాపితే పైపు మూతి అందింది. చెవి ఆనించింది. సన్నగా హోరు వినబడింది. అది ఆయన ఊపిరో, ఖాళీ గొట్టంలో గాలో తెలియలేదు. అడుగున ఆయన ఆకారం పచ్చగా, మసకగా, కూర్చున్నది కూర్చున్నట్టే ఉంది.

తెలుసుకోవడానికి ఒక్కటే దారి కనిపించింది. పైపు మూసెయ్యాలి. బతికి, తెలివిలో ఉన్నవాడైతే గాలి అందక ఒక్క ఉదుటున లేస్తాడు, తిడతాడు, నవ్వుతాడు. కానీ ఆయన బాగానే ఉండి, తను మూసినందుకే ఏమన్నా అయితే? కట్టుకున్నవాడి ఊపిరికి తన చేతులతోనే అడ్డం పెట్టినట్టవుతుంది. చెయ్యి పైపు మీదికి వెళ్ళి ఆగిపోయింది.

"అక్కా, ఏం చేస్తున్నారు?" అని అరిచాడు తేజేష్.

ఆమె అరచెయ్యి పైపు మూతి మీద పెట్టి నొక్కింది.

కింద ఏమీ జరగలేదు. ఆయన లేవలేదు, చెయ్యి ఎత్తలేదు, ఒక్క బుడగ రాలేదు. అరచేతిని కింది నుంచి ఎవరూ పీల్చలేదు, ఎవరూ ఊదలేదు. తన జన్మలో అంత నిశ్శబ్దం ఆమె ఎరగదు.

త్రివేణి పైపు పట్టుకుని, దాని వెంబడే నీళ్ళలోకి మునిగింది. కళ్ళు తెరిస్తే మంట, మూస్తే చీకటి. భుజం దొరికింది, చంక దొరికింది. పట్టి లాగింది. కదల్లేదు. నడుముకున్న ఇనుము ఆయన్ని మెట్టుకి అదిమిపెట్టింది. వెనక్కి తడిమితే ముళ్ళు తగిలాయి. తన ముళ్ళే. నీళ్ళకి నాని రాయిలా బిగుసుకున్నాయి. గోళ్ళు విరిగాయి గాని అవి ఊడలేదు. పైకి లేచి, ఒక గుక్క గాలి మింగి, మళ్ళీ మునిగి, ఈసారి పళ్ళతో పట్టుకుంది. ఒకటి వదులైంది. మళ్ళీ లేచింది, మళ్ళీ మునిగింది. రెండోది వచ్చింది. మూడోది రావడం లేదు. ఊడకూడదని ఎంత గట్టిగా కోరుకుందో అంత గట్టిగా ఉంది. చెరువు నీళ్ళు మింగుతూ, లోపల ఏడుస్తూ కొరికింది. చున్నీయే పర్రున చిరిగింది. ఇనుప ముక్కలు ఆమె పాదాల మీదుగా జారిపోయాయి.

అప్పటికి తేజేష్ కూడా నీళ్ళలో ఉన్నాడు. సముద్రం పక్కన పుట్టాడన్న మాటే గాని ఈత రాదు, అండమాన్‌లో లైఫ్ జాకెట్ వేసుకుని తేలినవాడు. అయినా మెడ దాకా దిగి, బాలరాజు జుట్టు అందుకుని లాగాడు. అద్దం, గొట్టం లాగేసి, మెట్ల మీద బోర్లా వేసి వీపు మీద గుద్దుతుంటే, కట్ట మీద నడిచేవాళ్ళు పరుగెత్తుకొచ్చారు. నిలబడితే మెడ దాకా వచ్చే నీళ్ళలో మనిషి పోవడమేమిటని ఒకాయన అంటున్నాడు. త్రివేణి ఆ మాట వినలేదు. తన అరచేతిని మొగుడి ముక్కు దగ్గర పెట్టి కూర్చుంది. ఎంతసేపటికో ఆ చేతికి వెచ్చగా తగిలింది. ఆ వెంటనే అతను దగ్గి, నీళ్ళు కక్కాడు.

దవాఖానాలో డాక్టరు పైపు కథంతా విని తల పట్టుకున్నాడు. "పొట్టి గొట్టమైతే వదిలిన ఊపిరి బయటికి పోతుంది. ఇంత పొడుగైతే అది గొట్టంలోనే నిలిచి మళ్ళీ లోపలికే వస్తుంది. పైగా ఛాతీ మీద నీళ్ళ బరువు. తన చెడ్డ గాలి తనే పీల్చి పీల్చి మత్తులోకి పోయాడు. ఆ మత్తులో ఉన్నవాడికి తను పోతున్నానని తెలియదమ్మా" అన్నాడు.

మర్నాడు బాలరాజు మంచం మీద లేచి కూర్చున్నాడు. గొంతు బొంగురు పోయింది గాని బుద్ధి ఎక్కడికీ పోలేదు. చూడ్డానికి వచ్చిన తేజేష్‌తో మొదలుపెట్టాడు.

"నాకేం గాలేదన్నా. మస్తు హాయిగ ఉండె. నిద్ర పట్టినట్టాయె, గంతే. ఇంక జర సేపుంటే నేనే లేస్తుంటి. గీమె ఆగమాగం జేసింది. ఈసారి పైపు జర లావుది పెడితే సరిపోతది."

తేజేష్ తల దించుకున్నాడు. త్రివేణి చేతిలోని బత్తాయి పళ్ళెం పక్కన పెట్టింది. లేచి మంచం దగ్గరికి వచ్చి, అరచేత్తో మొగుడి ముక్కూ నోరూ కలిపి మూసింది.

బాలరాజు ఉలిక్కిపడ్డాడు. తల విదిలించాడు. రెండు చేతులా ఆమె మణికట్టు పట్టుకుని తోసేశాడు. "ఏందే, సంపుతవా?" అన్నాడు రొప్పుతూ.

"సూసినవా? గిట్ల తన్నుకోవాలె మనిషి" అంది త్రివేణి. "నిన్న గదే సెయ్యి పైపు మీద పెట్టి మూసిన. నువ్వు తిడుతవ్, లేస్తవ్ అని సూసిన. నువ్వు జరంత గూడ కదలలే."

బాలరాజు పెళ్ళాం ముఖం చూశాడు, విరిగిన గోళ్ళు చూశాడు, చీరుకుపోయిన పెదవి చూశాడు. నీళ్ళలో పుట్టని భయం మంచం మీద పుట్టింది. దుప్పటి మెడ దాకా లాక్కున్నాడు.

ఆ తర్వాత ఆమె చెయ్యి తనే అందుకుని ముక్కు దగ్గర పెట్టుకుని, ఊపిరి వదిలాడు. తగిలిందా అన్నట్టు ఆమె వైపు చూసి, మళ్ళీ వదిలాడు.