ఆధారం లేని తెల్ల చీటీ

ఇంట్లో ఆమెను అందరూ చీటీల దొరసాని అనేవారు. ఊరికే అనలేదు. ఎప్పుడో మూతబడ్డ ఒక కుట్టు ఫ్యాక్టరీలో ఆడవాళ్లు పెట్టుకున్న సెలవు అర్జీల మీద పరిశోధన చేస్తూ, నాలుగేళ్లలో తొమ్మిది చెప్పుల పెట్టెలు చీటీలతో నింపింది. అర్జీలో ఉన్న మాట తెల్ల చీటీ మీద, కింద కట్ట నంబరు, పేజీ నంబరు. తనకు తోచిన మాట పసుపు చీటీ మీద. ఈ రెండూ కలిస్తే కొంప మునిగినట్టేనని ఆమె గట్టి నమ్మకం.

మునగనే మునిగింది. సోమవారం పరిశోధన గ్రంథం అప్పగించాలనగా శుక్రవారం ప్రొఫెసరుగారు ఫోన్ చేశారు. "నాలుగో అధ్యాయమంతా ఒక్క వాక్యం మీద నిలబడిందమ్మా. అదెక్కడిదో చూపించు, లేదా అధ్యాయం తీసెయ్," అన్నారు.

ఆ వాక్యం తెల్ల చీటీ మీదే ఉంది. "ఈ ఆడవాళ్లకు ఎప్పుడూ జ్వరం రాలేదు. వచ్చినప్పుడు ఇంట్లో ఇంకెవరికో వచ్చిందని రాశారు." ఫ్యాక్టరీ డాక్టరెవరో రాసిన మాట అనుకుంది ఇన్నాళ్లూ. కింద నంబరు లేదు. దస్తూరీ వదినది. దొరసాని చెయ్యి విరిగి కట్టుతో ఉన్న నెలలో, అన్న భార్యే పాత కాగితాల గదికి వెళ్లి చీటీలు రాసి పెట్టింది.

శనివారం పొద్దుటినుంచీ కట్టలన్నీ తిరగేసి, జుట్టు నిండా దుమ్ముతో ఇంటికొచ్చి, వంటగది గుమ్మంలోనే అరిచింది.

"ఏ కట్టలోది వదినా ఇది? నంబరు వెయ్యమని లక్షసార్లు చెప్పానా లేదా? నాలుగేళ్ల కష్టం బూడిదపాలు చేశావు!"

వదిన కత్తిపీట పక్కకి జరిపింది. "అది ఏ కట్టలోదీ కాదు. నాకే అనిపించి రాశాను."

"మరి తెల్ల చీటీ మీద ఎందుకు రాశావ్?"

"పసుపువి నీ ఆలోచనలకి కదా. నేనెలా ముట్టుకుంటాను?"

దొరసాని ఆ చీటీ మళ్లీ చదివింది.

"నీకెలా తెలిసింది?" అంది.

"నేనూ అలాగే రాసేదాన్నిగా."

పెళ్లయిన కొత్తలో చేరి వదిన ఆరేళ్లు వేరే కుట్టు ఫ్యాక్టరీలో చేసింది. ఆ సంగతి దొరసానికి తెలియక కాదు. అడగాలని ఒక్కసారీ తట్టలేదు. అందుకు ఇప్పుడు సిగ్గేసింది. కూలబడినట్టు పీట మీద కూర్చుని పెన్ను తీసింది.

"నాకు బాగోలేదంటే, 'ఇది ఇక పనికిరాదు' అని పనిలోంచి తీసేస్తారు. ఇంట్లో వాళ్లకి బాగోలేదంటే, 'అయ్యో పాపం' అంటారు," అంది వదిన. "అందుకని ఎప్పుడూ మీ అమ్మకి జ్వరమనే రాసేదాన్ని."

"అమ్మకి తుమ్మైనా వచ్చేది కాదే!"

"ఆవిడ నిక్షేపంలా ఉండేది." నవ్వబోయి ఆగింది వదిన. "మూడో నెలలో నాకు కడుపు పోయినప్పుడు కూడా మీ అమ్మకి జ్వరమనే రాశాను."

ఆ సంగతి మాత్రం దొరసానికి తెలియదు. పెన్ను ఆగిపోయింది. కళ్లు తుడుచుకుని అడిగింది.

"ఇది రాయనా, వద్దా?"

"రాయి," అంది వదిన. "ఈసారి నాకే బాగోలేదని రాయి."