ఎవరికీ లేదన్న మాట

"మీ ఇంట్లో ఇంకెవరికైనా ఇలాంటి జబ్బు ఉందా?" అని కరీంనగర్‌లో మనసు జబ్బుల డాక్టరు అడిగిన ప్రతిసారీ మా అత్త కమలవ్వది ఒకటే జవాబు: "మా ఇంట్ల ఎవ్వలికి లేదు సార్."

ఎనిమిది నెలల్లో మూడు మందులు మార్చారు. మొదటిది నా భర్త అంబదాస్‌కు వాంతులు తెచ్చింది. రెండోది నిద్ర చెడగొట్టింది. మూడోది వేసుకున్నా ఒకటే, వేసుకోకున్నా ఒకటే. సిరిసిల్లలో పద్నాలుగేళ్లు సాంచెల మీద బట్ట నేసిన మనిషి గోడవైపు తిరిగి పడుకున్నాడు. చచ్చిపోవాలనుందని ఒకరోజు నాతో అన్నాడు. ఆనాటి నుంచి దాబా మెట్ల తలుపుకు తాళం వేసి, తాళంచెవి నా కొంగుకు కట్టుకున్నాను. వాడకట్టువాళ్లేమో "గోలీలు మింగుతలేడు కావచ్చు" అన్నారు. నా కళ్ల ముందే మింగేవాడు. అన్నవాళ్ల నోళ్లు కుట్టేయాలనిపించేది.

ఓ పొద్దున మోకాళ్ల నొప్పులతో కదలలేక, అత్త తన బీపీ గోలీల పాత అట్ట నా చేతికిచ్చింది. ఎప్పుడూ తనే పోయి తెచ్చుకునేది. మెడికల్ షాపు ముకర్రం అట్ట చూసి, "అన్నకు మళ్ల గోలీ మార్చిండ్రా వదినె?" అన్నాడు.

"అన్నకు కాదు, మా అత్తమ్మ బీపీకి."

"గిది బీపీది కాదు. అన్న అసొంటి జబ్బుకే ఇస్తరు."

ఇంటికెళ్లి అట్టను అత్త ఒళ్లోకి విసిరాను. పన్నెండేళ్లుగా వేసుకుంటోందట. అప్పట్లో తనూ ఇట్లాగే మంచం పట్టి, ఈ గోలీతోనే నెల తిరిగేసరికి లేచి తిరిగిందట!

"నీ సంబంధమప్పుడు తెలిస్తే మీ బాపు పిల్లనిచ్చేటోడా?" అంది.

"ఇయ్యకపోతే ఇయ్యకపోయేటోడు! కన్నకొడుకు చస్తనంటుంటే గూడ నోరు రాలేదా నీకు?"

మర్నాడే ఆమెను డాక్టరు ముందు కూర్చోబెట్టాను. ఆయన కళ్లజోడు తీసి, "అమ్మానాన్నల నుంచి వచ్చే జీన్స్‌ని బట్టి మందు ఒకరికి పడుతుంది, ఒకరికి పడదు. తల్లికి పడింది కొడుక్కూ పడుతుందని మాటివ్వలేను. కానీ మొదటిరోజే చెప్పుంటే దీంతోనే మొదలుపెట్టేవాణ్ణి" అని, ఆ గోలీయే రాసిచ్చాడు.

మొదటిరోజే! బస్సులో వచ్చేటప్పుడు అత్త పక్కన కూర్చోలేకపోయాను.

ఐదోవారంలో అంబదాస్ తనంతట తానే గడ్డం గీసుకున్నాడు. నాకు ఏడుపాగలేదు. కోపమూ తగ్గలేదు.

ఆ రోజే మా తొమ్మిదేళ్ల కూతురు నవ్యశ్రీ దవాఖానా ఫైలు తీసి ముందేసుకున్నాను. అత్తకు అర్థమైంది.

"పొల్ల ఫైలుల రాయకు మమతా. రేపు దాన్నెవడు చేసుకుంటడు?"

"ఎవ్వడు చేసుకోకపోనీ. నా బిడ్డ బతకాలె."

ఆమె అడ్డం పెట్టిన చేతిని పక్కకు నెట్టి, గోలీ అట్టను కాగితానికి అంటించి, పక్కన పెద్ద పెద్ద అక్షరాలతో రాశాను: నానమ్మకు ఉంది. బాపుకు ఉంది. ఇద్దరికీ పడిన గోలీ ఇది.