పీకుడు మేనేజరు

మా మరదలు ఐస్‌క్రీం గోదాములో ఆపరేటరు. అక్కడ చల్లదనానికి కాపలా అరచేతిలో పట్టే లినక్స్ కంప్యూటరు పెట్టె. తలుపు ఎవరి కార్డుతో తెరుచుకుందో, లోపల వేడి ఎంత పెరిగిందో లాగ్ రాసుకుంటుంది. లాగ్ అంటే నిక్కరు కాదు, చిట్టా. పాపం డిస్కు లేని పెట్టె. అంతా తాత్కాలిక మెమరీలోనే. కరెంటు పోతే జ్ఞాపకమూ గోవిందా.

ఇది మేనేజరుకు బాగా తెలుసు. సరుకు కరిగినప్పుడల్లా "హ్యాంగయింది" అంటూ ప్లగ్గు లాగేవాడు. ఆయన లాగితే లాగ్ పోయేది, నింద మా మరదలి నెత్తికెక్కేది. ఇంకోసారి కరిగితే తప్పు తనదేనని ఆమె కాగితం మీద సంతకం పెట్టాలట. లేదంటే ప్లగ్గుతోపాటు ఉద్యోగమూ పీకేస్తాడట.

"బావా, పెట్టె రాసేది ఇంకోచోటికి పంపలేమా?"

కంప్యూటర్లు బాగుచేసే బతుకు నాది. గోదాము ఓనరమ్మ ఒప్పుకుంది. ఆమె గదిలోని సర్వరు చిరునామా పెట్టెకిచ్చాను. "గుట్టుగా ఉంచుదాం," అన్నాను.

"దొంగనా ఏంటి?" అని మరదలు వెళ్లి మేనేజరు ముఖం మీదే చెప్పేసింది. "సార్, ఇక మీరెంత పీకినా ఏదీ పోదు."

"అబ్బో, అంత సీనుందా?" అని నవ్వాడాయన.

మళ్లీ కరిగింది. మళ్లీ పీకాడు. ఓనరమ్మను పిలిచి పెట్టె చూపించాడు. "ఖాళీ మేడం! ఒక్క ముక్క లేదు. పెట్టమ్మా సంతకం," అని మరదలికి కాగితం అందించాడు.

పక్కనే ఉన్న నాకప్పుడు తట్టింది నా తప్పు. బయటికి పంపమంటే లాగ్ రాసే ఆ బుల్లి ప్రోగ్రాము తన దగ్గరేమీ ఉంచుకోదు. ఇక్కడా ఉంచమని విడిగా చెప్పాలి, మరిచాను; ఉంచినా ప్లగ్గుతో పోయేదే. పైగా అది విసిరేసి ఊరుకునే రకం; అవతల అందిందా అని అడగదు. నేనూ చూడలేదు.

"మీ గదిలో చూద్దాం మేడం," అంది మరదలు.

గదికెళ్లి చూస్తే అందింది! ఓనరమ్మ పైకి చదివింది. "మధ్యాహ్నం, ఆపరేటరు కార్డు. తలుపు తీసి ఉంది."

"చూశారా!" అని ఎగిరాడు మేనేజరు.

"నేనే," అంది మరదలు. "ఉక్కపోస్తే గుమ్మంలో నిలబడ్డా. వేడి పెరిగిందేమో చదవండి. ఆపకండి, కింద ఇంకా ఉంది."

వేడి పెరగలేదు. కింద మేనేజరు కార్డు. తలుపు సాయంత్రందాకా తెరిచే ఉంది, వేడి లైను లైనుకీ ఎక్కింది. ఆపైన ఏమీ లేదు, ప్లగ్గు పీకినచోట ఆగిపోయింది.

"ఇదీ హ్యాంగయినట్టుంది మేడం..." మేనేజరు చెయ్యి సర్వరు వైరు వైపు వెళ్లింది.

మరదలు అడ్డంగా నిలబడి కాగితం ఆయన చేతిలో పెట్టింది.

"పేరొక్కటి మార్చి మీరే పెట్టండి సార్, సంతకం."