బాలవ్వ ఇంటి మీద డిష్

బాలవ్వ తన ఇంటి మీద డిష్ పెట్టించుకుంటానన్నది, అంతే. ఊరి మీద యుద్ధమేమీ ప్రకటించలేదు. కానీ నిజామాబాద్ జిల్లా వర్ని అవతల కాలువ పక్కనున్న ఆ ఊళ్ళో, గ్రామ కమిటీకి ఈ రెంటికీ తేడా తెలియదు.

కమిటీ సంగతి ముందే చెప్పాలి. లేకపోతే ఒక రేకు గిన్నె కోసం ఇంత రాద్ధాంతమా అనిపిస్తుంది ఎవరికైనా. ఆ ఊళ్ళో కోడిమాంసం ఎవరమ్మాలో, కల్లు ఎవరు పొయ్యాలో ఏటా కమిటీ వేలం వేస్తుంది. పాట ఎవరికి దక్కితే ఊరంతా వాళ్ళ దగ్గరే కొనాలి. పక్క ఊరి నుంచి కోడి తెచ్చుకుని కూర వండుకున్నా జుర్మానాయే. టీవీ కేబుల్ కూడా ఆ వేలంలోనే పోతుంది. ఈ ఏడు అది రవీందర్‌కు దక్కింది. కాబట్టి ఊళ్ళో ఎవరింటి మీదా డిష్ కనపడకూడదు. ఇది ఏ చట్టంలో ఉందని అడిగే మొండివాడు అప్పటిదాకా ఆ ఊళ్ళో పుట్టలేదు. మొండిది మాత్రం ఒకతె ఉంది.

బాలవ్వ ఒకప్పుడు బోధన్ చుట్టుపక్కల చెరుకు కొట్టింది. చెరుకు తగ్గి వరి పెరిగాక నాట్లకు దిగింది. ఇప్పుడు ఊళ్ళో నాటేసే ఆడవాళ్ళంతా ఆమె గుంపే. రైతులు వచ్చి ఆమెతోనే మాట్లాడుకుంటారు. ఏ పొలం ముందో ఏది వెనకో తేల్చేది ఆమే. భర్త పోయాక ఒక్కగానొక్క కూతురు సుష్మను బోధన్ హాస్టల్లో ఉంచి చదివించింది. ఆ పిల్ల చదువులో ఏం వెలగబెట్టిందో గానీ కబడ్డీలో మాత్రం దుమ్ము లేపింది. రాష్ట్రం జట్టు దాకా పోయింది. మొన్న ఎండాకాలం ఇంటికొస్తూ నిజామాబాద్ నుంచి గోడంత హెచ్‌డీ టీవీ తెచ్చి, “అవ్వా, నా ఆట దీంట్లనే సూడాలె నువ్వు” అని బిగించి పోయింది.

టీవీ కొత్తదే, తీగే పాతది. సెమీఫైనల్ కేబుల్లో వచ్చింది. వచ్చింది అనడమే గానీ, తడిసిన గోడ మీది సున్నంలా మొహాలన్నీ చెదిరిపోయాయి. అందరివీ ఒకే రంగు బట్టలు, ఒకే తీరు జడలు. అందులో ఒక పిల్ల మీద పడ్డవాళ్ళందరినీ ఈడ్చుకుంటూ వచ్చి గీత ముట్టుకోగానే బాలవ్వ ఎగిరి గంతేసింది. “నా బిడ్డ! నా బిడ్డ!” అని వాడంతా వినపడేలా చప్పట్లు కొట్టింది. తర్వాత సుష్మ ఫోన్ చేసి పకపకా నవ్వింది.

“గది నేను గాదే అవ్వా! నేను అప్పటికే ఔటై బయట కూసున్న.”

కూతురు నవ్వింది గానీ తల్లికి నవ్వు రాలేదు. కన్నబిడ్డ తన ఇంటి గోడ మీదికి వచ్చి ఆడుతుంటే పోల్చుకోలేక పరాయి పిల్లకు చప్పట్లు కొట్టిందా తను? సిగ్గుతో, దుఃఖంతో ఆమెకు ఆ పూట అన్నం సయించలేదు. ఫైనల్ వచ్చే ఆదివారం. ఆ రోజు బిడ్డ మొహం చూడాల్సిందే, ఏమైనా సరే.

గొడవ దేనికని ముందు రవీందర్ దగ్గరికే పోయింది. అతను హెచ్‌డీ బాక్స్ తెచ్చి పెట్టాడు. బాక్స్ మీద హెచ్‌డీ అని మెరిసే అక్షరాలున్నాయి, టీవీలో మాత్రం పాత బూడిదే ఉంది. వర్ని నుంచి వచ్చే ఆ తీగ ఎన్ని చోట్ల తెగి ఎన్ని చోట్ల అతుక్కుందో దానికే తెలియాలి. పైగా ఫైనల్ వచ్చేది సెమీఫైనల్ వచ్చిన చానల్లో కాదు, వేరే ఆటల చానల్లో; అదసలు కేబుల్లోనే లేదు.

“గా చానల్ ఊళ్లె ఎవ్వరు సూస్తరు బాలవ్వా? నీ ఒక్కదాని కోసం తెప్పియ్యాల్నా?”

“ఊళ్లెకెల్లి ఆడేది గూడ నా ఒక్కదాని బిడ్డనే గద.”

“ఫోన్ల సూస్కోరాదు?”

“ఫోన్ల మనిషి గోరంత కనవడ్తది. మొఖం యాడ కనవడ్తది రా?”

“డిష్ పెట్టినవనుకో, మొగులైతే సాలు, బొమ్మ ఆగుతది. మా తీగకు వాన లేదు, గాలి లేదు. సోంచాయించుకో.”

ఆ మాటలో అబద్ధం లేదు. అవి వానాకాలం నాట్ల రోజులు. బాలవ్వ నిజంగానే ఆలోచించింది. వాన పడ్డప్పుడు డిష్‌లో బొమ్మ పోతుంది. కేబుల్లో బొమ్మ ఎప్పుడూ ఉంటుంది, మొహమే ఎప్పుడూ ఉండదు. ఇంక ఆలోచించడానికి ఏముంది? మర్నాడే బోధన్ పోయి దుకాణంలో డిష్ మాట్లాడి వచ్చింది.

మెకానిక్ డిష్ బిగించి ఊరు దాటాడో లేదో కమిటీ నుంచి పిలుపు వచ్చింది. అధ్యక్షుడు రామ్‌దాస్ కుర్చీలో వెనక్కి వాలి కూర్చున్నాడు.

“బాలవ్వా, ఊరి మాట కాదంటున్నవట?”

“ఊరి మాట గాదు రామ్‌దాసన్నా, రవీందర్ మాట.”

“రెండొకటే. డిష్ దింపు, జుర్మాన కట్టు. లేకుంటే నీతోని మాట బంద్, పని బంద్, దుకాణం బంద్.”

బాలవ్వకు ఒళ్ళు మండిపోయింది. “కోడి మీద పాట పాడుకుండ్రు, ఊకున్న. కల్లు మీద పాడుకుండ్రు, ఊకున్న. ఇగ నా కండ్ల మీద గూడ పాడుకుంటరా? డిష్ దింప. జుర్మాన కట్ట. ఏం బంద్ వెడ్తరో వెట్టుకోండ్రి.”

ఆ సాయంత్రమే డప్పు మోగింది. బాలవ్వతో మాట్లాడినా, ఆమె గడప తొక్కినా జుర్మానా అని వాడవాడా చాటారు. మరునాడు ఆమె ఉప్పు ప్యాకెట్టు అడిగితే కిరాణా కొట్టువాడు ఆకాశం కేసి చూశాడు. ఉప్పు కోసం ఆమె వర్ని దాకా పోయి వచ్చింది. బోరింగు దగ్గర ఆడవాళ్ళు ఆమెను చూసి తల దించుకున్నారు. ఆమెకు భయం వేయలేదంటే అబద్ధం. పొయ్యి ముందు కూర్చుని కొంగు అడ్డం పెట్టుకుని ఏడ్చింది కూడా. ఏడ్చి, మొహం కడుక్కుని, బయటికొచ్చి డిష్ కేసి చూసింది. దింపేది లేదు.

అయితే ఆ కోపంలో కమిటీ పెద్దలు ఒక సంగతి మరిచిపోయారు. నారుమళ్ళు తయారై ఉన్నాయి, నాటే గుంపేమో బాలవ్వది. అందరికంటే పెద్ద నారుమడి రామ్‌దాస్‌దే. అతను గుంపులో రెండో మనిషి అయిన సాయవ్వను పిలిపించి, నువ్వే గుంపును తీసుకురమ్మన్నాడు. సాయవ్వ అమాయకంగా మొహం పెట్టింది.

“ఏ పొలం ముందో బాలవ్వక్కనే జెప్తది. ఆమెను అడుగుదమంటే మీరు మాట బంద్ వెట్టిండ్రు. మేమెట్ల జెయ్యాలె మరి?”

ఆ రోజు ఒక్క ఆడమనిషీ పొలంలో కాలు పెట్టలేదు. ఆ మర్నాడూ అంతే. నారు ఇంతింతై ముదురుతుంటే రైతులు రామ్‌దాస్ ఇంటి చుట్టూ తిరగడం మొదలుపెట్టారు.

ఆదివారం చర్చి విడిచాక బాలవ్వ ఇంటికొచ్చి తలుపులు బార్లా తెరిచి టీవీ పెట్టింది. దాక్కుని చూడాల్సిన కర్మ తనకేం పట్టింది? ఎదురుగా అరుగు మీద రవీందర్ కాపలా కుక్కలా కూర్చున్నాడు, ఆ గడప ఎవరు తొక్కుతారో చూద్దామని. ఆట మొదలయ్యే వేళకు సాయవ్వ పీట చంకన పెట్టుకుని నడివీధిలో వచ్చి అతని ముందు ఆగింది.

“రవీ, మంచిగ సూస్కో. సాయవ్వ లోపటికి పోయిందని కమిటీల జెప్పు. పేరు తప్పు జెప్తవేమో, సాయవ్వ.”

ఆమె వెనకే ఒకతె, ఆ వెనక మరొకతె. కాసేపట్లో గుంపంతా ఇంట్లో చేరింది. బాలవ్వ చాప పరిచి అందరికీ చోటు చేసింది.

టీవీలో బొమ్మ కడిగిన అద్దంలా ఉంది. ఆటగత్తెల పై పెదవి మీది చెమట కూడా కనపడుతోంది. అదిగో, రెండో వరసలో, చిన్నప్పుడు కొడవలి తగిలి గడ్డం మీద పడ్డ మచ్చతో సహా సుష్మ. “గదీ నా బిడ్డ!” అన్నది బాలవ్వ. ఈసారి అరవలేదు, మెల్లగా అన్నది.

ఆట సగం దాటిందో లేదో వాన దంచి కొట్టింది. బొమ్మ ముక్కలు ముక్కలై, నిలిచిపోయి, మాయమైంది. బయట రవీందర్ చూరు కింద నిలబడి పెద్దగా నవ్వాడు.

“జెప్పిన గద బాలవ్వా! మొగులైతే నీ డిష్ ఖతం!”

బాలవ్వ గుమ్మంలోకి వచ్చింది. “వాన దేవుడు గొట్టిస్తుండు, ఊకుంట. బంద్ నువ్వు వెట్టిచ్చినవ్, ఊకోను.”

ఆమె లోపలికి పోయి టీవీ ముందు కూర్చుంది. అందరూ నల్లటి టీవీ కేసి చూస్తూ కూర్చున్నారు, ఒక్కతె కూడా లేవలేదు. వాన సన్నబడ్డాక బొమ్మ తిరిగొచ్చింది. ఆట చివరికొచ్చేసింది. సుష్మ ఒక్కతే అవతలి వైపుకు దూకింది. ఒకతెను తాకింది, తిరిగింది, అంతలో చీలమండ దొరకబుచ్చుకున్నారు. మీద ఒకరి తర్వాత ఒకరు పడ్డారు. సుష్మ చెయ్యి చాపింది. గీతకు వేలెడు దూరంలో ఆ చెయ్యి ఆగిపోయింది. విజిల్ మోగింది. అవతలి జట్టు గెలిచింది.

కెమెరా సుష్మ మొహం మీదికి వచ్చింది. ఆ పిల్ల కింది పెదవి పళ్ళతో నొక్కిపట్టింది. ఏడుపు ఆపుకునేటప్పుడు చిన్నప్పటి నుంచీ అంతే చేస్తుంది. ఆ సంగతి ఈ లోకంలో బాలవ్వకు తప్ప ఎవరికీ తెలియదు. ఆమె లేచి వెళ్ళి టీవీలోని ఆ మొహం మీద అరచెయ్యి పెట్టి నిలబడింది.

పొద్దు వాలేవేళ రామ్‌దాస్ గొడుగు పట్టుకుని వచ్చాడు. గడప అవతలే నిలబడి గొంతు సవరించుకున్నాడు.

“బాలవ్వా, నారు ముదురుతుంది.”

“నాతోని మాట బంద్ గదనే అన్నా! నీ జుర్మాన ఎవరు కడ్తరు?”

గుంపంతా కిసుక్కుమంది. రామ్‌దాస్ గొడుగు ఆ చేతి నుంచి ఈ చేతికి మార్చుకున్నాడు. “బంద్ తీసేస్తున్నం. రేపు గుంపును తీస్కరా.”

“డిష్ ఉంటది. ఎవరికి కావాలంటే వాళ్ళు వెట్టుకుంటరు. గది గూడ డప్పు గొట్టి సాటిపియ్యి. డప్పు ఇనవడ్డంక వస్తం.”

“సరే తియ్యి, సాటిపిస్త.” రామ్‌దాస్ వెనక్కి తిరిగాడు గానీ కడుపుమంట ఆపుకోలేకపోయాడు. “గింత లొల్లి జేసి ఏం సూసినవ్ బాలవ్వా? నీ బిడ్డ ఓడిపాయె గద.”

“ఓడిపోయింది,” అన్నది బాలవ్వ. “గా ఓడిపోయింది నా బిడ్డనే అని, ఎవ్వరు జెప్పకుంటనే నేను గుర్తువట్టిన.”